పదకొండోసారికి కుదిరింది

“నేనుండగా ఈ గడప తొక్కేదెవుడు మే? ఉదయగిరి కొండ మీద చిరుతపులిని ఒట్టి చేతుల్తో తరిమినోణ్ణి!” అంటూ కామయ్య మీసం దువ్వాడు.

మనవరాలు అశ్వితకు నవ్వు రాలేదు. ఫోను తాత ముఖం ముందు పెట్టింది. ఆమె వయొలిన్ వీడియోలు చూసేవాళ్ళు ఎనభై వేల మంది. వాళ్ళలో ఫొటో లేని ఖాతా ఒకటి, పేరు ‘వింటున్నా’. పొద్దున పెట్టిన కల్యాణి రాగం కింద దాని రాత: “పదకొండోసారికి కుదిరింది.”

నిజమే. పదిసార్లు తప్పి, పదకొండోసారి వాయించిందే వీడియోలో పెట్టింది. అదీ రెండు ముక్కలుగా వాయించి, అతికించి. ఆ సంగతి బయటివాళ్ళకు తెలిసే దారే లేదు. అమ్మా నాయనా దుత్తలూరు బడిలో పంతుళ్ళు. పగలంతా ఇంట్లో తనూ, తాతా. తాతకా, రెండేళ్ళుగా బొత్తిగా వినపడదు. వినపడే రోజుల్లో ఆయన తప్పులు పట్టి ఆటపట్టిస్తే వయొలిన్ కమాను పడేసి లేచి వెళ్ళిపోయేది. ఇప్పుడా గోల లేదు. ఏం చెప్పాలన్నా ఫోనులో టైపు చేసి చూపించడమే.

“ఎవుడో గోడ పక్కన నక్కి వింటా ఉండాడు,” అని టైపు చేసింది.

“ఆ గఫార్‌ని అడుగు.”

పక్కింటి గఫార్ చెక్క స్పూన్లు చేస్తాడు. గోడ మీదుగా అడిగితే నవ్వాడు. “ఈ ఆకురాయి రాపిడిలో మా ఇంటామె పిలిస్తేనే వినపడదు పాపా. నీ ఫిడేలు యాడ వినేది?”

మర్నాడు అశ్విత కిటికీలన్నీ మూసి, అవి వీడియోలో పడకుండా కూర్చుని వాయించింది. గంటలో కామెంటు: “కిటికీలు మూస్తే తప్పులు ఒప్పులవుతాయా?”

ఆమె తలుపు గడియ పెట్టింది. మంచం కింద కూడా వంగి చూసింది.

శుక్రవారం వచ్చింది అసలుది. “ఆదివారం ఆత్మకూరులో ముందు వరసలో ఉంటా. అక్కడ ముక్కలు అతికించేది కుదరదు.”

ఆత్మకూరు కల్యాణమండపంలో ఆమె మొదటి కచేరీ. నెల్లూరు నుంచి సంగీత సభవాళ్ళు వస్తున్నారు. నచ్చితే డిసెంబరులో పిలుస్తారు. ఇంతదాకా అన్నీ మూడు నిమిషాల వీడియోలే. గంటసేపు ఆపకుండా ఆమె ఎన్నడూ వాయించలేదు.

“నేను పోను తాతా. వాడు అందరి ముందరా లేచి చెప్పేస్తే ఇంక నన్నెవరూ పిలవరు.” అని టైపు చేసి చూపించింది.

“చెప్తే చెప్పనీ. తప్పితే తప్పనీ. మధ్యలో ఆపబాక, అంతే. నేనూ వస్తాలే,” అన్నాడు కామయ్య. అన్నాడే గానీ ఆయన మొహంలోనూ కళ లేదు.

బస్సులో ఆమె బిగుసుకుపోయి కూర్చోవడం చూసి చెవి దగ్గరకు వంగాడు. “నిజం చెప్తున్నా. అది చిరుత కాదు మే, కుక్క. తరిమింది కూడా అదే.”

మండపంలో ముందు వరస నిండిపోయింది. కామయ్య మధ్యలో ఇరుక్కున్నాడు. తక్కిన వాళ్ళంతా ముక్కూమొహం తెలియని వాళ్ళే. నల్లచొక్కా ఆయనొకడు ఆమె వేళ్ళనే చూస్తున్నాడు.

అశ్విత వయొలిన్ కొసను పాదం మీద ఆనించింది. కల్యాణి ఎత్తుకున్న పది నిమిషాలకు వేలు జారింది. తప్పు స్వరం మైకులో మండపమంతా పలికింది. నల్లచొక్కా ఆయన లేచాడు.

అయిపోయింది, చెప్పేస్తాడు! గుండె ఆగినంత పనైంది. చెయ్యి మాత్రం ఆగలేదు. జారిన చోటి నుంచే పైకి పాకింది. నల్లచొక్కా ఆయన మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాడు.

గంట గడిచింది. చప్పట్లు మోగాయి. కామయ్య పక్కవాళ్ళ చేతులు చూసి, అందరికంటే ఆలస్యంగా కొట్టాడు.

సభవాళ్ళు డిసెంబరు తేదీ చెబుతుండగానే ఆమె ఫోనుకు మెసేజి వచ్చింది. ‘వింటున్నా’.

“ఒక్కసారికే కుదిరింది.”

గబుక్కున తలెత్తింది. ముందు వరసలో సగం మంది చేతుల్లో ఫోన్లున్నాయి. ఎవర్నని పట్టుకుంటుంది? ఇప్పటికీ ఎక్కడ కచేరీకి కూర్చున్నా, ముందు వరసను బెదురుగా ఒకసారి వెతికాకే కమాను ఎత్తుతుంది.

ఇదంతా జరిగింది జరిగినట్టే రాశాను. కల్పించింది ఒక్కటే, నా చెవుడు.