అనవసరపు శబ్దం

"పంపలేం. వీడియో చాలా పెద్దది" అని ఫోన్ మళ్ళీ మొరాయించింది.

"పెద్దదట! ఇంత చిన్న పాట పెద్దదేమిటే, దీని మొహం మండ!" వెలికా ఫోన్‌ను బల్ల మీద బోర్లా కొట్టింది.

పట్టణంలో జరిగే పాటల పండుగకు వీడియో పంపడానికి ఈ సాయంత్రమే గడువు. ఊరి పఠనమందిరంలో ముగ్గురు ఆడవాళ్ళు ఎంబ్రాయిడరీ గౌన్లతో, తలలో పూలతో, చెమటలు కక్కుతూ కూర్చున్నారు.

"కుదించాలి" అంది స్టాన్‌కా. "మా కోడలు మనవడి వీడియోలు అట్లాగే పంపుతుంది. దానికో యాప్ ఉందిలే, నీ ఫోన్‌లో కూడా వేశాను."

"కుదిస్తే మనం పొట్టిగా కనిపించంగదా?"

"నువ్వు ఇంతకంటే పొట్టి కావడానికి వీల్లేదు గానీ, నొక్కు."

రూజా నవ్వింది. వెలికా ఆమెకు వదిన, అన్న భార్య. పాటలో వెలికా, స్టాన్‌కా 'అరిచేవాళ్ళు'. రూజా 'ఈడ్చేది'. ఆ ప్రాంతంలో అలాగే అంటారు. పైన పాట ఎత్తుకునేవాళ్ళు అరుస్తారు, కింద శ్రుతి పట్టేవాళ్ళు ఈడుస్తారు. మొదలుపెట్టింది మొదలు ముగిసేదాకా రూజాది ఒకటే స్వరం. మాటలుండవు. పెళ్ళిళ్ళలో పాట అయిపోగానే జనం అరిచేవాళ్ళను కావలించుకుంటారు. రూజాను మాత్రం "నీకు ఊపిరాడుతుందా తల్లీ?" అని అడుగుతారు. ఆడుతుందని చెబుతుంది. అంతకుమించి తన గురించి ఎవరూ ఏమీ అడగరని ఆమెకు ఎప్పుడో అలవాటైపోయింది. అలవాటైందనే అనుకుంటుంది.

"'అనవసరపు శబ్దం తీసెయ్యమంటారా?' అని అడుగుతోందే ఇది" అంది వెలికా.

"పక్క పెరట్లో కోళ్ళు గోల చేశాయి కదా, తీసెయ్యమను" అంది రూజా. "బరువు కూడా తగ్గుతుంది. అనవసరమైంది మోసుకెళ్ళడం ఎందుకు వదినా?"

వెలికా నొక్కింది. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగింది. వీడియో సగానికి చిక్కింది. ఈసారి ఫోన్ కిక్కురుమనకుండా పంపేసింది. ఆ ఊపులోనే వెలికా, ఫోన్‌లో జాగా లేదంటూ అసలు వీడియోను చెరిపేసింది. స్టాన్‌కా అప్పుడే పొయ్యిలోంచి తీసిన బానిత్సాను, జున్ను పెట్టి కాల్చిన పొరల రొట్టెను, ముక్కలు కోసింది.

"ఇక చూద్దాం మన సింగారం."

చూశారు. కోళ్ళు లేవు. రూజా గొంతు కూడా లేదు. మనిషి మాత్రం ఉంది. మధ్యలో నిలబడి, మెడ నరాలు ఉబ్బించి, నోరు గుండ్రంగా తెరిచి ఉంది. ఆ నోట్లోంచి ఏమీ రావడం లేదు.

"సౌండ్ పెంచు వదినా."

పెంచింది. వెలికా గొంతు పెరిగింది.

"ఒసే రూజా, చేపవే!" స్టాన్‌కా పొట్ట పట్టుకుంది. "అచ్చం ఒడ్డున పడ్డ చేపవే!"

"ఒకే తీరుగా మోగుతుంది కదా" అంది వెలికా, నెమ్మదిగా. "ఫ్రిజ్ అనుకున్నట్టుంది."

"ఫ్రిజ్జా?"

"అందులో తప్పేముంది? ఇంట్లో అన్నిటికంటే ఖరీదైంది అదే."

"మళ్ళీ పాడి పంపుదాం" అంది రూజా.

"జట్టుకో పాట, పాటకో వీడియో అన్నారు. రెండోది తీసుకోరు."

"అయితే రాసి చెప్పు. మూడో ఆవిడ కూడా పాడింది, యంత్రం మింగేసింది అని చెప్పు."

"చెబితే? యంత్రంతో గొంతులు దిద్దుకున్నారని మొత్తానికే తీసిపారేస్తారు. నోరు మూసుకో."

"మూసుకుంటే ఏం, తెరిస్తే ఏం" అంది రూజా.

స్టాన్‌కా మరోసారి విని, బానిత్సా నములుతూ, "అయినా బాగానే ఉంది కదే" అంది.

ఆ మాట దగ్గర రూజా తన చేతిలోని ముక్కను బల్ల మీద పెట్టేసింది. చేప అన్నా, ఫ్రిజ్ అన్నా నవ్వులోకి పోయింది. ఇది పోలేదు. యంత్రానికి పక్షపాతం ఏముంటుంది? దానికి వదినా లేదు, ఆడపడుచూ లేదు. అది విన్నది విన్నట్టు తేల్చి చెప్పింది. పైగా తీసెయ్యమన్నది తనే. ఈ పాట తన గొంతు లేకుండా గెలిస్తే, ఇన్నేళ్ళూ తను ఈడ్చింది పాటను కాదు, ఒట్టి గాలిని. ఓడిపోతే బాగుండును అనిపించింది. అనిపించగానే సిగ్గేసింది. సిగ్గుపడుతూనే మళ్ళీ కోరుకుంది, ఈసారి కాస్త గట్టిగా.

బానిత్సా చల్లారకముందే ఫోన్ టింగుమంది.

"వాళ్ళే! వచ్చినవి వచ్చినట్టే వింటున్నారు!" వెలికా కళ్ళజోడు వెతుక్కుంది. అది ముక్కు మీదే ఉంది. "చదువుతున్నా, ఊపిరి బిగబట్టండి."

"నాకు అలవాటేగా" అంది రూజా.

వెలికా పైకి చదవడం మొదలుపెట్టింది. "'మీ ఇద్దరి గొంతులూ మాకు ఎంతో నచ్చాయి...'"

స్టాన్‌కా కేక పెట్టింది. రూజా లేచి తలలోని పూలు తీసి బల్ల మీద పెట్టింది. తలుపు వైపు రెండడుగులు వేసింది. వెనక వెలికా గొంతు ఎందుకో సన్నబడింది. రూజా వెనక్కి తిరిగింది.

"ఆగిపోయావేం వదినా? మిగతాది కూడా చదువు."

వెలికా చదివింది. "'అయితే శ్రుతి లేక మీ పాట గాలిలో వేలాడుతోంది. కింద ఈడ్చే మనిషిని ఒకరిని వెతికి తెచ్చుకుంటేనే మీకు వేదిక ఇస్తాం. ఊరికే నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ మూడో ఆవిడను మాత్రం దయచేసి ఇంటి దగ్గరే వదిలి రండి.'"