మూడెండల వడియాలు

ఆ ఊళ్ళో నేల మీద ఎండ పడి పదేళ్ళయింది. ప్రతి కప్పు మీదా, వీధుల మీదా సోలార్ ప్యానెళ్ళే. మాణిక్యాంబగారింటి రేకులు పాతబడితే, ఇస్మాయిలు ప్యానెళ్ళు దించి కొత్త రేకులు బిగించాడు. అన్నం తిని మళ్ళీ నిచ్చెనెక్కేసరికి కప్పు నిండా తడిబట్టలు, వాటి మీద గుమ్మడి వడియాలు.

"ఇదేంటి పిన్నిగారూ? ప్యానెళ్ళు నా నెత్తిన పెట్టుకోనా?"

"మూడెండలు తగలనీ నాయనా. కరెంటు పొయ్యిలో ఆరబెట్టినవి నమిలితే చెప్పుముక్కలే."

అంతలో గోడలోని స్పీకరులోంచి ఇల్లే పలికింది.

"ఇస్మాయిల్ గారూ, ఆలస్యం దేనికి? కారణం చెప్పకపోతే పై ఆఫీసుకు రాస్తాను."

ఇంటి కళ్ళు, అంటే కెమెరాలు, ప్యానెళ్ళకే ఉంటాయి. అవి పెరట్లో బోర్లా పడి ఉన్నాయి.

"మొదటి వాయి నీకే" అని ఇస్మాయిలుకు మాత్రం వినబడేలా గొణిగింది మాణిక్యాంబ.

ఇస్మాయిలు గొంతు సవరించుకున్నాడు. "కప్పు ఇంకా కారుతోంది. మూడు రోజులు పడుతుంది."

"సరే, రాసుకున్నాను" అంది ఇల్లు.

మర్నాడు తెల్లారేసరికి ఇస్మాయిలు ఫోను మోగుతూనే ఉంది. ఆ వీధిలో పదకొండు ఇళ్ళ కప్పులు ఒక్కసారే కారుతున్నాయట. వాన పడి నాలుగు నెలలైంది.