పైఅధికారి లేని మనిషి

తలుపు పక్కనున్న యంత్రం ఎర్ర లైటు వేసింది. పెద్దావిడ కార్డును కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే.

"ఆ గదిలో సారుని అడగండమ్మా" అన్నాడు కాపలా మనిషి.

ఆ గదిలో డైరెక్టరీ ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. ఆసుపత్రిలో ఎవరు ఎవరో, ఎవరి కింద ఎవరు పనిచేస్తారో, ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలో అంతా అతని కంప్యూటర్లోనే ఉంటుంది.

అతను చేరి నెల కూడా కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వస్తూనే పాత ఖాతాల మీద పడ్డాడు. పైఅధికారి పేరు లేని ప్రతి ఖాతానూ ఒక్క దెబ్బకి తీసేశాడు. చెత్త వదిలిందని పెద్ద డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

"మీ పేరు డైరెక్టరీలో లేదమ్మా."

"మొన్నటిదాకా ఉంది నాయనా."

"మీరు డాక్టరా? నర్సా?"

"రెండూ కాదు. నాలుగో అంతస్తులో ఒకాయన కోసం రోజూ వస్తాను."

"ఆయనకి మీరేమవుతారు?"

"ఏమీ కాను."

ఆఫీసరుకి నవ్వొచ్చింది. ఉద్యోగీ కాదు, చుట్టమూ కాదు, కార్డు మాత్రం కావాలి.

"మీ పైఅధికారి ఎవరు?"

"నాకెవరుంటారు? నీకు ముందున్నాయన కార్డు ఇచ్చాడు, వస్తున్నాను."

"పైఅధికారి అడిగితేనే ఖాతా మళ్ళీ ఇస్తాం."

"లేరని చెప్తున్నానుగా బాబూ."

"అందుకే తీసేశాం."

ఆవిడ అతని ముందున్న ఫోను వైపు చెయ్యి చూపింది.

"పోనీ పైకి ఒక్క ఫోన్ చెయ్యి. ఆయనకి నిన్నట్నుంచీ ఏం బాగాలేదు. నాతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడడు."

"ప్రతి ముసలాయనా అంతేనమ్మా, ఎవరో ఒకరితోనే మాట్లాడతానంటాడు. అడిగినవాళ్ళందరికీ తలుపులు తీస్తే ఇది ఆసుపత్రి కాదు, సంత అవుతుంది. సాయంత్రం పరామర్శకొచ్చే వాళ్ళతో పాటు వెళ్ళండి."

పాపం, ఆవిడకి గొంతు పెంచి మాట్లాడటం చేతకాదు. చేతనైతే ఎంత బాగుండేదో.

గది బయట బల్ల మీద కూర్చుంది. ఒళ్ళో చేతులు ఊరికే ఉండటం లేదు, ఒకదాన్నొకటి తడుముకుంటున్నాయి. ఆఫీసరు ఒకసారి చూసి తన పనిలో పడిపోయాడు. తెర మీద లేని మనిషి కళ్ళెదుట ఉన్నా అతనికి లేనట్టే.

పరామర్శ వేళ ఇంకా కాలేదు. నాలుగో అంతస్తు నర్సు విసవిసా దిగి వచ్చింది.

"సార్, ఏం డైరెక్టరీ సార్ ఇది? ఒకావిడ ఫోన్ నంబరు కోసం మధ్యాహ్నం నుంచీ వెతుకుతున్నాం. అలాంటి మనిషే లేదంటుంది."

ఆ మాట అంటూనే పక్కకి చూసింది. ఆమె గొంతు దిగిపోయింది.

"ఇక్కడే ఉన్నారా అమ్మా మీరు?"

పెద్దావిడ నర్సు ముఖం చూసి లేచి నిలబడింది. అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది.

"ఎప్పుడు?"

"ఇందాకే."

"ఏమన్నా చెప్పాడా?"

నర్సు తన అరచెయ్యి చాపింది. "చెప్తూనే ఉన్నారమ్మా. నా చేతిలో, డాక్టరు గారి చేతిలో, ఆఖరికి గది ఊడ్చే ఆవిడ చేతిలో కూడా. మాకేం తెలుస్తుంది?"

పెద్దావిడ ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. కాసేపటికి వదిలేసి వీధి తలుపు వైపు నడిచింది. బయటికి పోవడానికి ఏ కార్డూ అక్కర్లేదు.

ఏదో ఒకటి అనాలి కాబట్టి ఆఫీసరు అన్నాడు.

"ఆవిడ ఏ విభాగం?"

"ఏ విభాగమూ కాదు సార్" అంది నర్సు. "చూపూ, మాటా, వినికిడీ మూడూ లేని ఆ పెద్దాయన ఎదుటివాళ్ళ అరచేతిలో తట్టి చెప్పే మాటలు తెలిసిన మనిషి, ఈ ఊరు మొత్తానికి ఆవిడ ఒక్కతే."