కుళాయి ఫిర్యాదు

“ఇక వినడానికి కుదరదమ్మా. రూల్సు మారాయి” అన్నాడు రికార్డుల గుమాస్తా.

గాజు పలక అవతల నిలబడ్డ ఆవిడ చేతిలో అప్పటికే నింపిన దరఖాస్తు ఉంది. నీళ్ల ఆఫీసుకు జనం ఫోన్లో చేసే ఫిర్యాదులన్నీ రికార్డవుతాయి. ఎవరి ఫిర్యాదు వాళ్లు, నెలలో మొదటి బుధవారం ఈ గదిలో కూర్చుని వినొచ్చు. కాపీ మాత్రం ఇవ్వరు. అది పాత రూలు. నాలుగేళ్లుగా ఆవిడ ఒక్క బుధవారం కూడా మానలేదు.

వినేదల్లా ఒక్కటే. వీధి కుళాయిలో మూడు రోజులుగా నీళ్లు రావడం లేదన్న తన ఫిర్యాదు. ఆ కుళాయి మర్నాడే బాగుపడింది. అయినా ఈవిడ వదలదే! చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, రెండు నిమిషాల రికార్డును మూడేసిసార్లు విని, కళ్లు తుడుచుకుని వెళ్లిపోతుంది. ఆఫీసంతా కుళాయమ్మ అని పేరు పెట్టి నవ్వుకుంది. నీళ్ల కోసం ఇలా ఏడ్చేవాళ్లు ఇంకో పదిమంది ఉంటే చెరువులే నిండేవని ఒకాయన జోకు కూడా వేశాడు.

గుమాస్తా మాత్రం నవ్వలేదు. అలాగని అడగనూ లేదు. దరఖాస్తు పెట్టినవాళ్లను కారణం అడగకూడదన్నది ఆయనకు కంఠతా వచ్చిన రూలు. ఇరవై ఏళ్ల సర్వీసులో దాన్ని ఒక్కసారీ తప్పలేదు. ఇంకా కోపం తీరలేదేమో, కోర్టుకు వెళ్తుందేమో అని తనలో తనే అనుకునేవాడు. రూల్సు మార్చే పని నెత్తిన పడ్డప్పుడు ఆయనకు మొదట గుర్తొచ్చింది ఆవిడే. పాపం, రెండు బస్సులు మారి వచ్చే మనిషి, ఇన్నిసార్లు తిరగకూడదనుకున్నాడు. అందుకే ఫిర్యాదులన్నీ టైపు చేయించి, కాగితం చేతికిచ్చేయాలని రాశాడు. పైవాళ్లు దాని కింద ఇంకో వాక్యం కలిపారు. టైపు అయ్యాక రికార్డు చెరిపేయాలని.

“ఈ ఒక్కసారి వినిపించండి అన్నయ్యగారూ” అంది ఆవిడ.

“ఇంకెక్కడుందమ్మా? సోమవారమే చెరిపేశారు.”

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. ఆయనకు జాలేసింది. గబగబా సొరుగులోంచి ఒక కాగితం తీసి గాజు కిందనుంచి అందించాడు. అందరికంటే ముందు ఆవిడదే తీయించానని, తనే కూర్చుని టైపు చేశానని, సీలు కూడా వేయించానని చెప్పాడు. ఇక తిరగక్కర్లేదు, ఇంట్లోనే పెట్టుకుని ఎన్నిసార్లైనా చదువుకోమన్నాడు.

ఆవిడ వేలు పెట్టుకుని చదివింది. పక్కింటివాళ్ల ఫోన్ నుంచి మాట్లాడుతున్నానని చెప్పడం, వీధి గుర్తులు, కుళాయి, మూడు రోజులు, చివర్న ఉంటానండీ అనడం. అన్నీ ఉన్నాయి. మళ్లీ మొదట్నుంచి చదివింది. కాగితం తిప్పి చూసింది. వెనక ఖాళీ.

“మధ్యలో ‘నాకివ్వు, నేను చెప్తా’ అని ఉండాలి కదండీ?”

“ఓ, అదా!” గుమాస్తా నవ్వాడు. “ఎవరో పిల్ల గోల. నాలుగైదుసార్లు అడ్డొచ్చింది. ఫిర్యాదుకి దాంతో పనేముందని తీసేశాను. మీ మాట మాత్రం ఒక్క అక్షరం పోలేదు, చూసుకోండి.”

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వచ్చిన దారినే వెనక్కి తోసింది.

“నా మాటలు నాకెందుకు అన్నయ్యగారూ? మా పాప పోయాక దాని గొంతు మిగిలింది ఆ ఒక్కచోటే.”