బాణాలన్నీ ఒకే సర్వర్ వైపు

“ఈ సర్వర్ ఆగితే ఏమవుతుంది?” హెడ్డాఫీసు నుంచి వచ్చిన నారాయణమూర్తి తెర మీది పటం చూస్తూ అడిగాడు.

“సర్వర్ ఆగితే సర్వం ఆగిపోతాది సార్! గరివిడి ప్లాంటంతా దీని మీదే ఆధారపడి ఉన్నాది. అందుకే ఇంకోటి కొనమంతన్నాను,” అన్నాడు మేనేజర్ భీమశంకరరావు.

పటం గీసిన అనూరాధకు ఒళ్లు మండింది. ఏ యంత్రం దేని మీద ఆధారపడిందో చూపాల్సిన పటమది. తూకం కంప్యూటర్ నుంచి గేటు కెమెరా దాకా బాణాలన్నీ తాను కొన్న సర్వర్‌కే తగిలించమన్నాడు ఈ మహానుభావుడు. ఇన్ని దొంగ చుట్టరికాలు పెళ్లిళ్ల పేరయ్య కూడా కలపడు! కాదంటే ఆమె కాంట్రాక్టు పొడిగించనన్నాడు.

“నిజమేనా అమ్మా?” అన్నాడు నారాయణమూర్తి.

భీమశంకరరావు కళ్లెర్రజేశాడు.

అనూరాధ వంగి, గది మూలనున్న సర్వర్ వెనక ఊడిపడివున్న ప్లగ్గు పైకెత్తి చూపింది. “సోమవారం మా మేనేజరు సారే దీన్ని పీకేసి, కాఫీ కెటిల్ పెట్టుకున్నారండి. ఇయ్యాల గురువారం. ఏదో ఆగిందని ఒక్క ఫోనూ రాలేదు.”

“ఏటమ్మా, నీ కాంట్రాక్టు మీద ఆశ లేదేటి?”

నారాయణమూర్తి చెయ్యెత్తి అతన్ని ఆపాడు. “అంటే, దీని మీద ఏదీ ఆధారపడలేదా?”

“ఒక్కటుందండి. సారు ప్రమోషను. దానికి మాత్రం బాణం గియ్యమని సారు సెప్పలేదు.”