వానాకాలం రిసొట్టో

మల్లేశ్ విసిరిన కంచం గోడకు తగిలింది. వేడివేడి రిసొట్టో సున్నం మీదుగా నేలకు జారింది.

"దినమంతా హైటెక్ సిటీల క్యాబ్ నడిపి వస్తే, ఈ ఇటలీ జావనేనా నాకు?" భార్య స్వరూప జుట్టు పట్టి గుంజి, చెంప మీద ఒక్కటిచ్చాడు.

"వంటకు పోయే ఫ్లాటుల నేర్చుకున్న. వాన పడుతుంది గదా, అత్తమ్మకు మెత్తగుంటదని చేసిన," అంది స్వరూప, పెదవి తుడుచుకుంటూ.

"ఎండాకాలం కీరా సూపంటివి. చలికాలం గుమ్మడికాయ సూపంటివి. ఇప్పుడిది! జొన్నరొట్టె చేసుడు శాతకాదా నీకు?"

మళ్లీ చెయ్యెత్తాడు.

గోడవారన కూర్చున్న తల్లి కిష్టమ్మ, పళ్లులేని నోటిని చటుక్కున రెండు చేతులతో మూసుకుంది.

మల్లేశ్ చెయ్యి గాల్లోనే ఆగింది. "నిన్నెవరు కొడ్తున్నరమ్మా?"

"రొట్టె అంటివి గద కొడుకా, భయమైంది. మీ నాయిన గూడ రొట్టెకే కొట్టిండు. గట్టిగైందని."

"బాయికాడ జారి పడితే పండ్లు పోయినయని చెప్పినవ్ గదా?"

"అప్పుడు నువ్వు చిన్నోనివి. నాయినంటే నీకు పానం. ఎట్ల చెప్పాలె?"

కిష్టమ్మ ముందుకు వంగి, బోర్లాపడ్డ కంచాన్ని తిప్పింది. అడుగున మిగిలిన ముద్దను వేళ్లతో తీసి నోట్లో పెట్టుకుంది.

"మంచిగున్నది బిడ్డా," అంది కోడలితో.

మల్లేశ్ ఎత్తిన చెయ్యి ఎప్పుడు దిగిందో అతడికే తెలియదు. రెండో చేతి పిడికిట్లో మాత్రం స్వరూప జుట్టు ఇంకా అట్లాగే ఉంది.