పర్మిట్ ఫోటో

"అన్నా, జీతంలో కొంచెం అడ్వాన్స్ ఇస్తావా? గన్ పర్మిట్‌కి అప్లై చేస్తా," అన్నాడు హరినాథ్.

అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లో భీమశంకర్ లిక్కర్ స్టోర్‌లో పని అతనిది. ముందురోజు క్యాష్‌ని జాకెట్‌లో దాచుకుని రోజూ పొద్దున్నే బ్యాంకులో వేసొస్తాడు. కారు లేదు కాబట్టి నడిచే వెళ్తాడు. ఈమధ్య ఎవడో వెంటపడుతున్నాడు.

భీమశంకర్ నవ్వాడు. "ఫీజు, ట్రైనింగ్, ఆపైన గన్ను. నీ జీతం ఏ మూలకిరా? భయమైతే ఆంజనేయుణ్ణి తలుచుకుంటూ వెళ్లు."

అంటూనే తన షర్టు కిందికి లాక్కున్నాడు, నడుము దగ్గరున్న గన్ను కనబడకుండా. ఆయనకి పర్మిట్ ఎప్పుడో వచ్చింది.

"అప్లికేషన్‌కని ఫోటో కూడా దిగానన్నా." హరినాథ్ ఫోన్ చూపించాడు. తెల్లగోడ ముందు ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల.

"బానే ఉన్నావురా! నాకు పంపు, సంబంధాలు చూస్తా."

శుక్రవారం పొద్దున హరినాథ్ బ్యాంకు దాకా వెళ్లలేకపోయాడు. క్యాష్ పోయింది. రోడ్డు పక్కన అతని ప్రాణమూ పోయింది.

శవాన్ని ఇండియా పంపించాలని ఆదివారం భీమశంకర్ వాట్సాప్ గ్రూపులన్నిటిలో చందాల లింక్ పెట్టాడు. మీద తెల్లగోడ ఫోటో. కింద ఆయన మాటలు: "నా సొంత తమ్ముడు. ఏ పని చెప్పినా కాదనేవాడు కాదు."

మనవాళ్లు కళ్లు తుడుచుకుంటూ ధారాళంగా ఇచ్చారు. సాయంత్రానికల్లా అడిగినంతా వచ్చేసింది.

అడిగినదాంట్లో పోయిన క్యాష్ కూడా కలిపే ఉంది.